డాలీ పార్టన్ 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' (1971): మొదటి పాట కాకుండా మిగతావి ఎవరైనా విన్నారా?

నీలికొండలు
అందరికీ నమస్తే. నేనుండేది అమెరికాలో, టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో. మొన్న శనివారం ఒక పాత సామాన్ల కొట్లో కంట్రీ గాయని డాలీ పార్టన్ పాడిన ఈ ఎల్పీ రెండు డాలర్లకు దొరికింది. అట్ట ఒక మూల నీళ్ళకు ఉబ్బిపోయింది కానీ రికార్డు మీద పెద్ద గీతలేమీ లేవు. అట్ట మీద ఫోటో కాదు, బొమ్మ గీశారు. రంగురంగుల కోటు వేసుకున్న చిన్నపిల్ల. డాలీ పార్టన్ చిన్నప్పటి రూపమట.

ఇంతకాలం నాకు ఆవిడంటే 'జోలీన్' పాట, పెద్ద విగ్గు, డాలీవుడ్ పార్కు, అంతే. ఇంట్లో పెట్టి వింటే మొదటి పాటకే కాళ్ళు కదల్లేదు. రెండో పాట వచ్చేసరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టైటిల్ పాట గురించి ఎక్కడ చూసినా రాశారు. ఆల్బమ్ మొత్తం గురించి మాట్లాడేవాళ్ళు ఇక్కడెవరైనా ఉన్నారా?

వరంగల్ వాక్‌మన్
అన్నా, ఏమనుకోకు. కంట్రీ సంగీతం అంటే నాకు టోపీ, గుర్రం, పికప్ ట్రక్కు, విడాకులు. ఇది మన జానపదం లాంటిదా, సినిమా పాట లాంటిదా? ముందు అది చెప్పండి.

రికార్డుల బీరువా
రెండూ కాదు వాక్‌మన్. సగం సగం అనుకో. అమెరికా తూర్పున అపలాచియన్ కొండల్లో బ్రిటన్, ఐర్లండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు తెచ్చుకున్న కథాగీతాలున్నాయి. చర్చి పాటలున్నాయి. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో వచ్చింది. ఇవన్నీ కలిసి రేడియోలోకి, అక్కడి నుంచి నాష్‌విల్ స్టూడియోల్లోకి వచ్చాక వ్యాపారమైంది. మన బుర్రకథకుడిని పిలిచి, మూడు నిమిషాల్లో కథ ముగించెయ్ అంటే ఎలా ఉంటుంది? మంచి కంట్రీ పాట అలా ఉంటుంది. ఈ ఆల్బమ్‌లో రెండో పాట సరిగ్గా అదే.

నీలికొండలూ, రెండు డాలర్లకా! అదృష్టమంటే నీదే. కొంచెం నేపథ్యం చెప్తాను.

డాలీ పుట్టింది 1946 జనవరి 19న, మీ ఊరికి దగ్గర్లోనే, సెవియర్ కౌంటీలో. పన్నెండు మంది పిల్లల్లో నాలుగోది. పురుడు పోసిన డాక్టరుకు నాన్న ఒక బస్తా మొక్కజొన్న పిండి ఇచ్చి రుణం తీర్చుకున్నాడు. 1964లో స్కూలు చదువు అయిపోయిన మర్నాడే నాష్‌విల్ బస్సెక్కింది. మొదటి ఆల్బమ్ 1967లో మాన్యుమెంట్ కంపెనీ నుంచి వచ్చింది. అదే ఏడాది పోర్టర్ వాగనర్ అనే పెద్ద స్టార్ తన టీవీ షోలోకి తీసుకున్నాడు. అప్పటిదాకా ఆ చోట నార్మా జీన్ అనే గాయని ఉండేది. కొత్తపిల్ల స్టేజీ ఎక్కితే జనం "నార్మా జీన్ ఏది?" అని అరిచేవాళ్ళు.

'కోట్' 1971 అక్టోబరులో ఆర్‌సీఏ కంపెనీ నుంచి వచ్చింది. సోలోగా ఎనిమిదో స్టూడియో ఆల్బమ్, అయినా తొలినాళ్ళదే. ఎనిమిదోదాన్ని తొలినాళ్ళ ఆల్బమ్ అంటావేమిటి అనకండి. ఐదేళ్ళు నిండకుండానే ఎనిమిది! ఆ ఒక్క ఏడాదే మూడు వచ్చాయి. పోర్టర్‌తో కలిసి పాడిన యుగళగీతాల లెక్క వేరే. అయినా అప్పటికి జనం దృష్టిలో ఆవిడ "పోర్టర్ పక్కన పాడే అమ్మాయి". సొంతంగా నంబర్ వన్ పాట రావడమే 1971 ఫిబ్రవరిలో, 'జాషువా'తో. అప్పుడు వయసు పాతికేళ్ళు.

సూదీదారం
నేను టైలర్‌ని. సంగీతం పెద్దగా తెలియదు కానీ ఈ పాట మా అమ్మాయి పంపితే విన్నాను. అర్థం కూడా అదే చెప్పింది. ఎవరో ఇచ్చిన గుడ్డపీలికల పెట్టెలోంచి తల్లి ఏరి ఏరి పిల్లకు కోటు కుడుతుంది. కుడుతూ బైబిల్లో యోసేపు కథ చెప్తుంది. పిల్ల మురిసిపోతూ బడికి వెళ్తే అందరూ నవ్వుతారు. ఇది పాట కాదండీ, మా ఇల్లు.

మా అమ్మ బొంతలు కుట్టేది. పాత చీరలు పరిచి, మధ్యలో పనికిరాని లంగాలు, పంచెలు దట్టించి, దబ్బనంతో వరసగా కుట్టుకుంటూ పోయేది. పైకి కనిపించే ముక్కల దగ్గర మాత్రం రంగులు చూసుకునేది. ఎరుపు పక్కన ఎరుపు పడితే విప్పేసేది. "ఎవరు చూస్తారే?" అని నాన్న అంటే "కప్పుకునేవాళ్ళు చూడరా?" అనేది. ఆ పాటలో తల్లి కూడా ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలో ఆలోచించే ఉంటుంది. కుట్టేవాళ్ళకు ఆ సంగతి తెలుస్తుంది.

కాకినాడ కాజా
సండే స్కూల్ బ్యాచ్ హాజరు! తెలుగు బైబిల్లో ఆదికాండం 37వ అధ్యాయంలో ఆ కోటు "విచిత్రమైన నిలువుటంగీ". చిన్నప్పుడు విచిత్రమైన అంటే వింతగా, వికారంగా ఉన్నదనుకునేవాడిని. మా టీచరమ్మ "ఒరేయ్, చిత్రవిచిత్రమైన రంగులురా" అని మొట్టికాయ వేసింది.

ఒక పాయింటు. యోసేపు అంగీ చూసి అన్నలకు కళ్ళు మండాయి, గోతిలో పడేశారు. అంటే ఆ కథలోనే ఆపద ఉంది. తల్లి ప్రేమగా ఆ కథ చెప్తూ కుట్టింది, కానీ కథలో తర్వాత ఏం జరుగుతుందో బైబిలు చదివేవాళ్ళందరికీ తెలుసు. బడిలో పిల్లలు నవ్వే చరణం వచ్చేసరికి నాకు అన్నలే గుర్తొచ్చారు.

రికార్డుల బీరువా
కాజా, భలే పట్టావు. నిజంగా జరిగింది పాటలో ఉన్నదానికంటే ఘోరం. డాలీయే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. పిల్లలు నవ్వి ఊరుకోలేదు, ఆ కోటు లాగేయాలని చూశారు. లోపల చొక్కా లేదు పాపం. చీకటి గదిలో పెట్టి తలుపు కూడా వేశారట. అంటే నీ గొయ్యి కూడా ఉందన్నమాట. పాటలో అదంతా తీసేసి నవ్వు మాత్రమే ఉంచింది.

రాసిన తీరు కూడా చెప్పాలి. 1969లో టూరు బస్సులో వెళ్తుంటే ఈ పాట తట్టింది. చేతిలో కాగితం లేదు. పోర్టర్ సూటు డ్రై క్లీనింగ్‌కు ఇచ్చిన రసీదు దొరికితే దాని వెనకాల రాసేసింది. పోర్టర్ సూట్లు ఎలా ఉంటాయో ఒకసారి ఫోటోలు చూడండి. ఒంటినిండా రాళ్ళు, జరీతో కుట్టిన బండి బొమ్మలు, కళ్ళు జిగేల్. గుడ్డపీలికల కోటు పాట ఆ సూటు లాండ్రీ రసీదు వెనకాల పుట్టింది! తర్వాత ఆ రసీదుకు పోర్టరే ఫ్రేము కట్టించాడు.

సూదీదారం
లోపల చొక్కా లేదా? అయ్యో. ఆ సంగతి మా అమ్మాయి చెప్పలేదు.

వరంగల్ వాక్‌మన్
సరే, ఆల్బమ్ మొత్తం ఇవాళ ఆఫీసుకు వెళ్తూ విన్నాను. 27 నిమిషాలే కాబట్టి ఉప్పల్ దాటకముందే అయిపోయింది.

నిజం చెప్తే తిట్టొద్దు. టైటిల్ పాట బాగుంది. కానీ ఇది ఒక ఆల్బమ్‌లా లేదు, అతుకుల బొంత. పది పాటల్లో ఏడు ఆవిడవి, మూడు ఆ పోర్టర్‌వి. ఒకచోట అమ్మ, ఒకచోట పొద్దుటి గాలి, ఒకచోట జీవిత రహస్యం, చివర్లో ప్రపంచశాంతి. ఇంకోటి, "మేం పేదోళ్ళం కానీ ప్రేమలో ధనవంతులం" అనే మాట నాకెప్పుడూ ఎక్కదు. మా తాత ముందు ఆ మాటంటే చెప్పు తీసేవాడు. పేదరికం గురించి డబ్బొచ్చాక పాడటం సులువే.

కాకినాడ కాజా
అతుకుల బొంత! ఈ ఆల్బమ్‌ను అతుకుల బొంత అని తిట్టాలంటే గుండె ధైర్యం కావాలి బాస్ 😂

వరంగల్ వాక్‌మన్
రాశాక నేనూ చూసుకున్నా. ఇప్పుడు తీసెయ్యను, ఉండనీ.

రికార్డుల బీరువా
వాక్‌మన్, మీ తాతగారి పక్షమే డాలీ కూడా. 1968లోనే 'ఇన్ ద గుడ్ ఓల్డ్ డేస్' అని ఒక పాట రాసింది. బ్రాకెట్లో 'వెన్ టైమ్స్ వర్ బ్యాడ్' అని ఉంటుంది, అక్కడే సగం అర్థం. ఎంత డబ్బిచ్చినా ఆ జ్ఞాపకాలు అమ్మను, ఎంత డబ్బిచ్చినా ఆ బతుకులోకి వెనక్కి పోను, ఇదీ సారాంశం. వడగళ్ళకు పంట పోవడం, జబ్బు చేస్తే డాక్టరుకు డబ్బు లేకపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. 'కోట్' ఒక్కటే వింటే నువ్వన్నట్టు తీపి ఎక్కువైందనిపించవచ్చు. ఆ పాట విన్న తర్వాత ఇది వింటే లెక్క మారుతుంది. ఇది పేదరికాన్ని పొగిడే పాట కాదు. వెక్కిరింపు ఎందుకో ఆ వయసులో అర్థంకాని పిల్ల మాట.

సూదీదారం
వాక్‌మన్ గారూ, నేనొక సంగతి చెప్తాను. ఐదో తరగతిలో నా యూనిఫాం లంగాకు అమ్మ కింద ఒక పట్టీ అతికింది, నేను పొడుగైపోతున్నానని. అసలు రంగు నేవీ బ్లూ. దొరికిన ముక్క కొంచెం ఊదా. దూరానికి తెలియదు. ప్రేయర్‌లో ఎండ పడితే తెలుస్తుంది. బడి పేరు ఎందుకులెండి, ఒక టీచరే అందరి ముందూ "ఇదేమిటే, బోర్డర్ చీరా?" అంది. లైనంతా నవ్వు.

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పలేదు. మర్నాడు లంగా నడుం దగ్గర ఒక మడత విప్పి కిందికి జార్చుకుని, పట్టీ లోపలికి మడిచి పిన్నీసులు పెట్టుకున్నాను. అమ్మ చూసింది. ఏమీ అడగలేదు. రాత్రి కూర్చుని ఆ పట్టీ ఊడదీసేసింది.

పాటలో పిల్ల ఎదురు నిలబడి వాళ్ళకు వివరంగా చెప్తుంది, మా అమ్మ ప్రేమగా కుట్టింది అని. నేను చెప్పలేకపోయాను. అందుకే నాకు ఆ పాట గొప్పగా అనిపిస్తుంది. డబ్బొచ్చాక పాడిందా, రాకముందు పాడిందా అన్నది తర్వాత.

వరంగల్ వాక్‌మన్
అక్కా... ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆల్బమ్ గురించి కాదు, "సులువే" అన్నది.

హ్యూస్టన్ పిన్ని
ఆలస్యంగా వచ్చాను. అందరూ మొదటి పాట దగ్గరే ఆగిపోయారు, రెండో పాట గురించి మాట్లాడటానికి మొహమాటమా ఏమిటి?

'ట్రావెలింగ్ మ్యాన్' కథ వినని వాళ్ళ కోసం. ఇల్లిల్లూ తిరిగి సరుకులమ్మే ఒకడు వస్తూ పోతూ ఉంటాడు. పిల్లకు వాడి మీద మనసు. తల్లికి తెలియకుండా కలుస్తుంటుంది. వాడితో లేచిపోదామని ఎదురుచూస్తుంటే తీరా ఏమవుతుంది? వాడు లేచిపోతాడు. తల్లితో!

ఒకటో పాటలో తల్లి కోటు కుట్టింది. రెండో పాటలో తల్లి ప్రియుణ్ణి తన్నుకుపోయింది. రెంటి మధ్య ఒక పాట వ్యవధి కూడా లేదు. మొదటి పాటకు వచ్చిన కన్నీళ్ళు తుడుచుకునే లోపే గిటారు పరుగందుకుంటుంది, డాలీ గొంతులో చిలిపి. తల్లంటే దేవత అని కన్నీళ్ళు పెట్టించి, ఆ వెంటనే "ఆగండాగండి, తల్లంటే ఆడది కూడా" అంటుంది. 1971లో! అదీ చర్చికెళ్ళే శ్రోతల ముందు.

ఇంకా ఉంది. నాలుగోది 'ఇఫ్ ఐ లూజ్ మై మైండ్'. మగవాడు పెట్టే వికారపు కోరికలు భరించలేక ఒక అమ్మాయి తల్లి దగ్గరికి తిరిగొచ్చేస్తుంది. పిచ్చెక్కేదుంటే నీ దగ్గరే ఎక్కనీ అమ్మా అంటుంది. అంటే మొదటి వైపు తొలి నాలుగు పాటల్లో ముగ్గురు తల్లులు. ఒకరు కుట్టినవాళ్ళు, ఒకరు ఎగరేసుకుపోయినవాళ్ళు, ఒకరు ఒళ్ళో పడుకోబెట్టుకున్నవాళ్ళు. వాక్‌మన్ బాబూ, ఆ నాలుగోది పోర్టర్ రాసిందే. నువ్వు అతుకు అన్న ముక్కే ఈ మూడో తల్లిని తెచ్చి పెట్టింది.

వరంగల్ వాక్‌మన్
పిన్నీ, నేను రెండో పాట కథ అస్సలు గమనించలేదు. ట్రాఫిక్‌లో ఉన్నా. తల్లితోనా!! మళ్ళీ వింటా ఆగండి.

నీలికొండలు
అదే నేను మొదట్లో నవ్వాలో ఏడవాలో అన్నది. పిన్నిగారు చెప్తే కానీ మూడో తల్లి లెక్కకు రాలేదు.

కాకినాడ కాజా
అసలు పోర్టర్ పాటలు ఇందులో ఎందుకున్నాయి? పదీ ఆవిడే రాసుకోవచ్చు కదా, అంత రాయగలిగినప్పుడు.

రికార్డుల బీరువా
షో ఆయనది, బస్సు ఆయనది, పలుకుబడి ఆయనది. రికార్డు మీద నిర్మాతగా బాబ్ ఫెర్గూసన్ పేరుంటుంది కానీ స్టూడియోలో పోర్టర్ మాట గట్టిగానే చెల్లేది. ఆమెను ఆర్‌సీఏకు తెచ్చిందీ ఆయనే. కృతజ్ఞత, చిరాకు రెండూ ఉన్న బంధం. 1974లో ఆయన షో వదిలి బయటికి వచ్చింది. వీడ్కోలుగా రాసిన పాటే 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'. తర్వాత ఆయన కోర్టుకెక్కాడు, ఇంకొన్నాళ్ళకు రాజీపడ్డారు. అది వేరే చర్చ, ఇక్కడ మొదలెడితే తెల్లారిపోతుంది.

పోర్టర్ మూడింట్లో 'ద మిస్టరీ ఆఫ్ ద మిస్టరీ' మాత్రం నాకూ నచ్చదు. మిస్టరీ ఏమిటంటే అది ఆల్బమ్‌లో ఎందుకుందన్నదే.

మోడరేటర్
పోర్టర్ కోర్టు కేసు మీద వచ్చిన మూడు పోస్టులు వేరే చర్చకు తరలించాను. ఇక్కడ ఆల్బమ్ సంగతి మాత్రమే. సూదీదారం గారూ, మీది తీయలేదు, తీయను కూడా.

హ్యూస్టన్ పిన్ని
రెండో వైపు కాస్త పలచనే, ఒప్పుకుంటాను. కానీ 'షీ నెవర్ మెట్ ఎ మ్యాన్' వదలొద్దు. తనను వదిలి వేరే ఆమె వెనక వెళ్తున్న మగవాడికి ఇచ్చే హెచ్చరిక అది. ఆవిడకు నచ్చని మగాడంటూ లేడు నాయనా, రేపు నీ గతీ ఇంతే, అని. అరుపు లేదు, శాపనార్థాలు లేవు. అత్తగారింటి నుంచి వచ్చిన మేనత్త వరండాలో కూర్చుని చల్లగా అంటించినట్టు ఉంటుంది.

రికార్డుల బీరువా
నాకు రెండో వైపు 'హియర్ ఐ యామ్' కోసమైనా కావాలి. కొండమీద చర్చిలో గొంతెత్తినట్టు పాడుతుంది. 2018లో సియా అనే గాయనితో కలిసి మళ్ళీ పాడింది. మొదటిదే నయం.

ఒక తమాషా చూడండి. ఈ ఆల్బమ్‌లో పాటల్ని ఆవిడ పదేపదే వెనక్కి వచ్చి తీసుకుంది. 'ట్రావెలింగ్ మ్యాన్' 1973లో మళ్ళీ రికార్డు చేసి సింగిల్‌గా వదిలింది. 'అర్లీ మార్నింగ్ బ్రీజ్' మళ్ళీ పాడి 1974లో 'జోలీన్' ఆల్బమ్‌లో పెట్టింది. 'మై బ్లూ టియర్స్'ను లిండా రాన్‌స్టాట్, ఎమ్మిలూ హారిస్ అనే గాయనులతో కలిసి పాడింది, అది 1982లో లిండా ఆల్బమ్‌లో వచ్చింది. కోటులోంచి ముక్కలు తీసి వేరే బట్టలకు వేసుకున్నట్టు.

సూదీదారం
మంచి ముక్క ఉంటే టైలరెవరూ పారేయరు. నా దగ్గర పదేళ్ళ కిందటి పట్టు బోర్డరు ఇంకా ఉంది.

వరంగల్ వాక్‌మన్
రెండోసారి విన్నా. ఈసారి ఇంట్లో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లిరిక్స్ ముందు పెట్టుకుని.

1. 'ట్రావెలింగ్ మ్యాన్' కథ చివర్లో నేను గట్టిగా నవ్వితే మా ఆవిడ వచ్చి ఏమైందని అడిగింది.
2. 'మై బ్లూ టియర్స్' మొదటిసారి అసలు చెవికెక్కలేదు. కిటికీ దగ్గర పాడే పిట్టను పోవే, నా దగ్గర పాడకు అని తరమడం. ఇంత చిన్న పాట, ఇంత పని చేస్తుందా!
3. చివరి పాట, ప్రపంచాన్ని బాగుచేసేది, ఇప్పటికీ నచ్చలేదు. అక్కడ మాత్రం తగ్గను.

అతుకుల బొంతే అంటాను ఇప్పటికీ. తిట్టు కాదు.

కాకినాడ కాజా
చివరి పాట విషయంలో నేను వాక్‌మన్ పార్టీ.

ఇంకో సంగతి. గొప్ప ఆల్బమ్‌ల జాబితాల్లో దీన్ని పెడుతుంటారు, రోలింగ్ స్టోన్ పత్రిక జాబితాలో 2003లో 299వ స్థానం, 2020లో 257. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు కూడా టైటిల్ పాటను భద్రపరచాల్సిన రికార్డింగుల్లో చేర్చారు. విడుదలైనప్పుడు మాత్రం ఆ పాట కంట్రీ చార్టుల్లో నాలుగో స్థానం దగ్గరే ఆగింది.

హ్యూస్టన్ పిన్ని
నాలుగో స్థానమైతేనేం. పైన ఉన్న మూడూ ఏవో ఇప్పుడు చెప్పగలవా?

రెండేళ్ళ కిందట పిల్లలతో డాలీవుడ్ వెళ్ళాం. పిల్లలు రోలర్ కోస్టర్ల వైపు పరిగెత్తారు, నేను ఆవిడ చిన్నప్పటి ఇంటి నమూనా దగ్గరికి వెళ్ళాను. రెండు గదులు. తమ్ముడు బాబీ కట్టాడు, లోపల సామాను అమరిక తల్లి ఏవీ లీ చూసుకుంది. మంచం, పొయ్యి, గోడకు వేలాడే గిన్నెలు. ఇంత చోటులో అంతమందా అనుకుంటూ నిలబడ్డాను. నా వెనకాల లైన్లో ఇద్దరు తెలుగువాళ్ళు "మా అమ్మమ్మ ఇల్లు ఇంతకంటే చిన్నది" "మాది ఇంతకంటే చిన్నది" అని పోటీపడుతున్నారు. గాట్లిన్‌బర్గ్ వైపు అక్టోబరులో ఆకులు చూడ్డానికి వెళ్తే మనవాళ్ళు ఎక్కడైనా తగుల్తారు కదా.

అసలు కోటు మిగల్లేదు. తర్వాత వాళ్ళమ్మే అలాంటిది మళ్ళీ కుట్టి ఇస్తే దాన్ని ప్రదర్శనకు పెట్టారు.

సూదీదారం
అసలు కోటు మిగలకపోవడం నాకేమీ వింత కాదు. పన్నెండు మంది పిల్లలున్న ఇంట్లో కోటు కోటులా ఎన్నాళ్ళుంటుంది? ఇంకొకరికి చొక్కా అయ్యుంటుంది, తర్వాత ఏ బొంతలోకో పోయుంటుంది.

నీలికొండలు
ఇంత చర్చ అవుతుందనుకోలేదు. అందరికీ థాంక్స్. చివరగా ఇంటి వార్త.

తెనాలి నుంచి మా అమ్మ వచ్చి నెలయింది. నిన్న రాత్రి గిన్నెలు తోముతూ రికార్డు పెట్టాను. "ఏమంటుందిరా ఆ అమ్మాయి?" అంది. మొదటి పాట కథంతా చెప్పాను. పీలికల పెట్టె, యోసేపు, బడి, నవ్వులు. అమ్మ చెయ్యి తుడుచుకుని వచ్చి అట్ట తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని బొమ్మలో కోటునే చాలాసేపు చూసింది. కన్నీళ్ళు పెట్టుకుంటుందేమో అనుకున్నాను.

"లోపల అస్తరు వేసిందా?" అంది.

అట్ట మీది బొమ్మ చూసి లోపలి సంగతి ఎలా చెప్పనమ్మా అన్నాను. "చలి దేశం కదరా, పీలికలతో కుడితే కుట్టు కుట్టుకీ గాలి దూరుతుంది. అస్తరు ఉండాల" అని అట్ట ఇచ్చేసి మళ్ళీ గిన్నెల దగ్గరికి పోయింది.

సూదీదారం
మీ అమ్మగారి ప్రశ్నే ప్రశ్న. నాకు తట్టనందుకు సిగ్గుపడుతున్నాను. లోపల చొక్కా లేదని విన్నప్పుడైనా తట్టాల్సింది.

హ్యూస్టన్ పిన్ని
అంతా బాగుంది కానీ, రికార్డు ఆపలేదుగా? వెంటనే రెండో పాట వచ్చుంటుంది. దాని కథ కూడా చెప్పావా అమ్మకు?

నీలికొండలు
అడిగింది పిన్నిగారూ. "ఈ పాటలో కూడా అమ్మ అంటోంది, ఏమిటీ?" అంది. హుషారు పాటలేమ్మా అని చెప్పి సౌండ్ తగ్గించాను.